లెక్క తప్పితే ఆపగలవా, సిస్టర్?

కర్నూలు పెద్దాసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో పని నేర్చుకుని ఓటీ నర్సు ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు, ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చెప్పాల్సిందే. ఆలిస్ ఫోర్సెప్స్‌కూ బాబ్‌కాక్ ఫోర్సెప్స్‌కూ తేడా తెలియనివాళ్లను టేబుల్ దగ్గర నిలబెట్టలేం మరి. కానీ అడిగే కుర్చీలో నేనుంటే ఒక్కటే అడుగుతా: కడుపు మూసే ముందు లెక్కలో ఒక మాప్, అంటే రక్తం అద్దే గుడ్డ, తగ్గింది, సర్జన్ ‘ఏం కాదులేమ్మా, కుట్టేద్దాం’ అంటున్నాడు, ఏం చేస్తావు? ‘సార్, ఆగండి, ఒకటి తక్కువుంది’ అని పైకి అనాలి. మళ్లీ లెక్కపెట్టి, బకెట్‌లో, నేలమీద, డ్రేపుల మడతల్లో వెతికించి, అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే అడగాలి. మాప్‌లో ఎక్స్‌రేకు కనపడే దారం పెట్టేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు కూడా, రోగి ఓటీ దాటకముందే ఈ లెక్కను నర్సు నోటితో చెప్పాలంటుంది. మనమేమో పెద్దడాక్టరు ముందు నోరు మెదపకపోవడమే వినయమని నేర్పి పంపుతున్నాం. గైడు కాసేపు పక్కన పెట్టండమ్మా. హాస్టల్ గదిలో ఒకరు సర్జనై కసురుకుంటుంటే, ఇంకొకరు తడబడకుండా ఆ మాట చెప్పడం సాధన చేయండి. జీతం ఎంతిస్తారని అడగడానికీ ఆ గొంతే పనికొస్తుంది.