కొత్త పికప్ కొనేముందు పాతది ఎక్కడుందో చూడండి

బేస్ గిటార్ వాయించే సాఫ్టువేర్ జనాలకి ఒక జబ్బుంది. కొన్న ఆరు నెలలకి సౌండు నచ్చడం మానేస్తుంది. ముందు తీగలు మారుస్తారు. తర్వాత ఓ పెడల్ కొంటారు. అదీ అయ్యాక "పికప్‌లు మార్చేస్తే సరి" అని తీర్మానిస్తారు. ఆల్నికో అయస్కాంతమా, సిరామిక్కా, కాయిల్‌కి ఎన్ని చుట్లు చుట్టారు, ఇవన్నీ మూడు రాత్రులు కూర్చుని చదువుతారు. ఆ పికప్ చెక్కలో ఎక్కడ కూర్చుందో మాత్రం ఒక్కరూ స్కేలు పెట్టి కొలవరు.

నా వాదన ఒక్కటే. బేస్ గిటార్ శబ్దంలో పికప్ ఎవరు చేశారన్నదాని కన్నా అది ఎక్కడుందన్నదానికే పెద్ద పీట వెయ్యాలి. మొదటిది డబ్బు పెడితే మారుతుంది. రెండోది గిటార్ కొన్న రోజే ఖాయమైపోతుంది, మళ్ళీ మార్చాలంటే చెక్క తొలవాలి. కాబట్టి ఆలోచన అంతా కొనకముందే జరగాలి.

బేస్ జోలికి పోనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి చుట్ట. పైన ఉక్కు తీగ ఊగితే ఆ చుట్టలో వోల్టేజి పుడుతుంది. అంతకు మించి మాయ ఏమీ లేదు. కాకపోతే పికప్‌కి తీగ మొత్తం వినపడదు. సరిగ్గా తన నెత్తిమీద ఉన్న ముక్క ఎలా ఊగుతోందో అదొక్కటే దానికి తెలుసు. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రాం మొత్తంలో ఒక్క చోట పెట్టిన లాగ్ స్టేట్‌మెంటు లాంటిది.

తీగేమో ఒకేసారి చాలా రకాలుగా ఊగుతుంది. మొత్తం తీగ ఒక్క ముక్కగా ఊగితే అసలు స్వరం. అదే సమయంలో రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా కూడా ఊగుతుంటుంది. అవి హార్మోనిక్స్. ప్రతి హార్మోనిక్‌కీ తీగ మీద అస్సలు కదలని చోట్లుంటాయి. పికప్ ఆ చోటు కిందే ఉంటే ఆ హార్మోనిక్ దానికి వినపడదు. లాగ్‌లో రాయని ఫీల్డుని తర్వాత ఎంత గొప్ప క్వెరీ రాసినా తెప్పించలేం కదా. అలాగే పికప్ పట్టుకోని హార్మోనిక్‌ని ఆంప్ మీదున్న ఈక్వలైజర్ పుట్టించలేదు. ఉన్నదాన్ని పెంచగలదు, తగ్గించగలదు, అంతే.

ఇక్కడే ఒక ప్రచారం గురించి చెప్పాలి. మా టీములో ఒక తమ్ముడు గట్టిగా నమ్ముతాడు: "అన్నా, 24వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ పాయింటు ఉంటుంది. పికప్ సరిగ్గా దాని కింద ఉంటేనే తియ్యగా పలుకుతుంది." చాలామంది నోట విన్నాను ఈ మాట. లెక్క వేసి చూద్దాం. ఫెండర్ తరహా బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. 24వ ఫ్రెట్ అంటే పొడవులో నాలుగో వంతు, బ్రిడ్జ్ నుంచి 8.5 అంగుళాలు. అక్కడ నాలుగో హార్మోనిక్ కదలదు. అంటే ఆ "తియ్యటి చోటు"లో పికప్‌కి ఒక హార్మోనిక్ తక్కువగా వినపడుతుందన్నమాట! సరే, అదే తీపి అనుకుందాం. ఇప్పుడు అయిదో ఫ్రెట్ నొక్కండి. ఊగే పొడవు 25.5 అంగుళాలకి తగ్గింది. పికప్ అక్కడే ఉంది, కానీ ఇప్పుడది మూడో వంతు దగ్గరుంది. నాలుగో హార్మోనిక్ వచ్చేసింది, మూడోది పోయింది. మరో ఫ్రెట్ నొక్కితే లెక్క మళ్ళీ మారుతుంది. ఓపెన్ తీగలో మాత్రమే నిజమైన సూత్రం పట్టుకుని చెక్క తొలిపించుకోవడం ఎందుకు?

అయితే ఇందులోనే ఒక అందమైన విషయం దాగుంది. ఓపెన్ ఇ తీగ 41.2 హెర్ట్జ్. దాని నాలుగో హార్మోనిక్ సుమారు 165. అదే తీగ మీద అయిదో ఫ్రెట్ నొక్కితే వచ్చే ఎ స్వరం 55 హెర్ట్జ్. దాని మూడో హార్మోనిక్ 165. చూశారా, ఏ ఫ్రెట్ నొక్కినా పోయేది ఆ 165 దగ్గరే! పికప్ చోటు, తీగ, దాని బిగువు మారనంతవరకూ శబ్దంలో పడే గుంట కూడా మారదు. స్వరం మారుతుంది కానీ గుంట మారదు. అందుకే ఒక బేస్ గొంతు ఏ స్వరం వాయించినా అదే గొంతులా ఉంటుంది.

సూత్రం కావాలంటే: ఓపెన్ తీగ ఫ్రీక్వెన్సీని తీగ పొడవుతో గుణించి, బ్రిడ్జ్ నుంచి పికప్‌కున్న దూరంతో భాగించండి. మొదటి గుంట అక్కడ పడుతుంది. తర్వాతవి దానికి రెట్టింపు, మూడింతలు, అలా. నిజం గిటార్‌లో పికప్‌కి వెడల్పుంటుంది, తీగకి బిరుసు ఉంటుంది కాబట్టి గుంటలు అంత లోతుగా ఉండవు. కానీ ఉంటాయి.

ఇప్పుడు అసలు వాయిద్యాల దగ్గరకొద్దాం. లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది. 1957లో దాని పికప్‌ని రెండు ముక్కలుగా విడగొట్టారు. లావు తీగలు ఇ, ఎ కింది ముక్క నెక్ వైపు, సన్న తీగలు డి, జి కింది ముక్క బ్రిడ్జ్ వైపు. స్థూలంగా 5, 6 అంగుళాల మధ్య వ్యవహారం. ఇ తీగకి మొదటి గుంట 230, 240 ప్రాంతంలో పడుతుంది. దానికి కిందంతా నిండుగా ఉంటుంది. మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ మీద ఒక్క చూపుడు వేలితో వాయించిన గుండ్రటి శబ్దానికి ఈ చోటు పునాది. ఒకటే పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్. ఎంచుకోడానికేమీ లేకపోవడమే దాని బలం అని నా మటుకు నాకనిపిస్తుంది.

1960లో వచ్చిన జాజ్ బేస్ వేరే జాతి. రెండు పికప్‌లు. నెక్ వైపుది బ్రిడ్జ్ నుంచి సుమారు 6 అంగుళాలు, బ్రిడ్జ్ వైపుది సుమారు 2.4 అంగుళాలు. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే తెరిస్తే ఇ తీగ మీద మొదటి గుంట 580 దాటాక గానీ పడదు. అడుగు పల్చబడుతుంది, మధ్య స్థాయి ముందుకొస్తుంది. జాకో పాస్టోరియస్ 1962 నాటి ఫ్రెట్ లేని జాజ్ బేస్ మీద చేసింది ఎక్కువగా ఈ పికప్‌తోనే, కుడి చెయ్యి కూడా అక్కడే పెట్టుకుని. బేస్ గిటార్ మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

రెండు పికప్‌లూ పూర్తిగా తెరిస్తే మధ్యలో పల్లం పడుతుందని అందరూ అంటారు. ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పరు. కొన్ని హార్మోనిక్స్‌కి రెండు పికప్‌ల మీదా తీగ ఒకే వైపు కదులుతుంది, అవి కలిసి బలపడతాయి. కొన్నిటికి ఒక చోట పైకి, మరో చోట కిందికి కదులుతుంది, అవి కొట్టేసుకుంటాయి. పై కొలతలతో లెక్కేస్తే ఇ తీగ మీద 330 నుంచి 390 హెర్ట్జ్ వరకు దాదాపు ఖాళీ. పల్లం అదే.

1970ల తొలినాళ్ళలో ఫెండర్ బ్రిడ్జ్ పికప్‌ని దాదాపు 0.4 అంగుళం బ్రిడ్జ్ వైపు జరిపింది. వేలి మందం కూడా లేదు. దీని మీద ఎన్ని యుద్ధాలో! లెక్కలో చూస్తే, ఆ పికప్ ఒక్కటే తెరిచినప్పుడు మొదటి గుంట 580 నుంచి 700కి పోతుంది. ఇది చెవికి తెలిసే తేడా, శబ్దం ఇంకా కరుకుగా, పల్చగా వస్తుంది. రెండూ తెరిచినప్పుడు మాత్రం పల్లం 350 ప్రాంతంలోనే ఉంటుంది, తేడా చాలా తక్కువ. మార్కస్ మిల్లర్ వాడే 1977 జాజ్ బేస్ ఈ రెండో రకం. ఆయన లాగా స్లాప్ వాయించడానికి అదే కొలత కావాలని వెతికేవాళ్ళు ఎప్పుడూ రెండు పికప్‌లూ తెరిచే వాయిస్తుంటే, ఆ అరంగుళం లోపు తేడా కోసం అప్పు చెయ్యక్కర్లేదని నా అభిప్రాయం.

1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఈ రెంటికీ మధ్య చోటు పట్టుకుంది. ప్రెసిషన్ కన్నా బ్రిడ్జ్‌కి దగ్గర, జాజ్ బేస్ బ్రిడ్జ్ పికప్ కన్నా దూరం. రెండు కాయిళ్ళ పెద్ద పికప్, బ్యాటరీతో నడిచే ప్రీఆంప్. లూయిస్ జాన్సన్ స్లాప్ అంటే గుర్తొచ్చేది ఇదే. రెండో కొసన గిబ్సన్ ఇబి-3. పెద్ద పికప్‌ని తీసుకెళ్ళి నెక్‌కి ఆనించారు. క్రీమ్ బృందంలో జాక్ బ్రూస్ దాన్ని అరిపించాడు కానీ, మామూలు చేతుల్లో బురదలా పలుకుతుందని పేరు పడింది. అక్కడ కాయిల్‌కి చుట్టిన తీగ పాపం కూడా ఉంది, చోటుదొక్కటే కాదు.

పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్‌లో రెండు పికప్‌లూ నెక్ వైపు పక్కపక్కనే ఉంటాయి. 1963లో వచ్చినదాంట్లో ఒకటి బ్రిడ్జ్ వైపు దూరంగా జరిగింది. (మొదటిది 1972లో దొంగలపాలై, దొరికిందన్న కబురు 2024లో బయటికొచ్చింది. యాభై ఏళ్ళు దాటాక!) అదే కంపెనీ, అదే మోడల్ పేరు, అదే చెయ్యి. కానీ పికప్ చోటు వేరు.

నాకు ముచ్చటైనది మాత్రం గిబ్సన్ 1970ల మధ్యలో అమ్మిన గ్రాబర్. అందులో పికప్ జరుగుతుంది! చేత్తో పట్టుకుని నెక్ వైపో బ్రిడ్జ్ వైపో తోసుకోవచ్చు. అదే అయస్కాంతం, అదే చుట్ట, అదే తీగలు. జరిపితే శబ్దం మారుతుంది. నా వాదనకి ఇంతకన్నా మంచి టెస్ట్ కేసు ఎవరూ రాయలేరు.

"బాండ్‌లో డ్రమ్స్ మోగుతుంటే ఇవన్నీ ఎవరికి వినపడతాయి బాబూ" అనేవాళ్ళుంటారు. నిజానికి వినపడేవి ఇవే. ఆఫీసు క్యాబ్‌లో ఫోను స్పీకర్ మీద ఇళయరాజా పాట పెట్టి చూడండి. ఆ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు, 80 కూడా సరిగ్గా పలకలేదు. అయినా బేస్ నడక మనకి తెలుస్తుంది. పై హార్మోనిక్స్ విని అసలు స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది. ఆ హార్మోనిక్స్‌లో ఏవి ఉంటాయి, ఏవి పోతాయి అన్నది పికప్ ఉన్న చోటే చాలావరకు తేలుస్తుంది. ఇంట్లో పెద్ద ఆంప్ ముందు మహా గంభీరంగా ఉన్న శబ్దం రికార్డింగులో మాయమైపోయిందని ఏడ్చేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఎక్కడ మీటుతున్నామన్నదానికీ సరిగ్గా ఇదే సూత్రం. ఏ హార్మోనిక్ కదలని చోట మీటితే ఆ హార్మోనిక్ పుట్టదు. వీణ వాయించేవాళ్ళకి ఇది పుస్తకాలు లేకుండానే తెలుసు, మీటు బ్రిడ్జ్ దగ్గరకి జరిగితే నాదం బిగుసుకుంటుంది. పైగా బేస్ వాయించేవాళ్ళం బొటనవేలు ఆనించేది పికప్ మీదే. అంటే పికప్ చోటు రెండుసార్లు పనిచేస్తోంది, ఒకసారి వినడంలో, ఒకసారి మన చేతిని అక్కడికి లాక్కోవడంలో. మా తమ్ముడికి నేను చెప్పింది కూడా ఇదే: పికప్ సెట్టుకి పెట్టే డబ్బు నెల రోజులు ఆపు, చెయ్యి రెండంగుళాలు బ్రిడ్జ్ వైపు జరిపి రికార్డు చెయ్యి, తర్వాత నెక్ చివర వాయించి రికార్డు చెయ్యి. ఖర్చు సున్నా.

అలాగని పికప్ మార్చడం దండగ అనను. పాతది హమ్ చేస్తుంటే, అవుట్‌పుట్ మరీ నీరసంగా ఉంటే, తీగల మధ్య శబ్దం హెచ్చుతగ్గులుగా ఉంటే మార్చుకోవాల్సిందే. కానీ ప్రెసిషన్‌లో ఎంత ఖరీదైన పికప్ పెట్టినా అది జాకో బేస్ అవదు.

కొత్తగా కొనేవాళ్ళు షాపులో ముందు కంపెనీ పేరు కాదు, టేపు చూడండి. గుండ్రటి, నిండు శబ్దం ఒక్కటి చాలనుకుంటే ప్రెసిషన్ తరహా. ఏం కావాలో ఇంకా తేలకపోతే జాజ్ బేస్, లేదా ప్రెసిషన్ పికప్‌తోపాటు బ్రిడ్జ్ దగ్గర జాజ్ పికప్ ఉన్న కలగలుపు రకం. ఇంట్లో ఆల్రెడీ బేస్ ఉన్నవాళ్ళు బ్రిడ్జ్ మీద తీగ ఆనే చోటు నుంచి పికప్ మధ్య వరకు కొలిచి, స్ప్రెడ్‌షీట్‌లో పైన చెప్పిన భాగహారం వెయ్యండి. ఇ 41.2, ఎ 55, డి 73.4, జి 98.