కోతకు ముందు ముక్క పరీక్ష అడగాలె

బాన్సువాడ చుట్టుపక్కల ఏ మాదిగవాడకైనా, మాలవాడకైనా పోయి నలుగురు ఆడవాళ్ళను కూసోబెట్టి అడగండి. గర్భసంచి తీయించుకున్న అక్క ఒకరన్నా ఉంటది. ఇది మన అనుమానం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. మన ఆడవాళ్ళ సంచులే అంత చెడిపోయినవా?

జరిగేది అందరికీ ఎరుకే. నాట్లల్ల వంగి వంగి నడుము నొస్తది, ముట్టు పదిరోజులు ఆగదు. ఆర్‌ఎంపీ చిట్టీ రాస్తడు, పట్నంల స్కానింగు. "లోపల పొర మందమైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అయితది, పిల్లలైనరు గదా!" ఆ ఒక్కమాటకు పుస్తెలు కుదువకు పోతయి.

పొర మందం కావడమే రోగం కాదు. ముట్టు వచ్చే ఆడమనిషికి ప్రతి నెలా ఆ పొర పెరుగుతది, ముట్టుతో రాలిపోతది. ముట్టుకు ముందు స్కాన్ తీస్తే మందంగనే కనబడతది. అండం సరిగ్గ విడుదల కాకపోతే ఒక హార్మోన్ పనిచేసి, దానికి జోడైన ప్రొజెస్టిరాన్ తక్కువ పడతది. అప్పుడు పొర అదుపు లేకుండ పెరుగుతది. సన్నటి గొట్టంతో ఆ పొర ముక్క తీసి పరీక్షకు పంపితే సంగతి తేలుతది. కణాలు వికారంగ మారలేదంటే, ఇరవై ఏండ్లల్ల క్యాన్సర్ అయ్యేది నూటికి అయిదుగురికన్నా తక్కువ. అట్లాంటివాళ్ళకు డాక్టర్ రాసిన ప్రొజెస్టిరాన్ జాతి గోలీలు కనీసం ఆరు నెలలు, లేకుంటే ఆ మందున్న లూప్ లోపల పెట్టడం, మళ్ళీ ముక్క పరీక్ష. (కాపర్-టీ వేరు, దాంట్ల ఈ మందు ఉండదు.) రక్తం పోయినందుకు ఐరన్ గోలీలు తప్పవు.

అయితే కోత వద్దే వద్దని మేము అనడం లేదు. కణాలు మారినయని తేలితే, క్యాన్సర్ ఉంటే ఆపరేషన్ కావాలె. ముట్టు ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనబడ్డా దాచుకోవద్దు, సిగ్గుపడొద్దు, ఆ వారంలనే చూపించుకోవాలె. ఆకుపసరు తాగి నెలలు గడిపితే ప్రాణం మీదికొస్తది.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, ప్రైవేటు ఆసుపత్రులకు ప్రభుత్వమే అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాకొక పర్యవేక్షణ కమిటీ ఉండాలె. కామారెడ్డి జిల్లా కమిటీలో ఎవరున్నరు, ముప్పై ఏండ్లకే సంచి పోయినోళ్ళ లెక్క ఎంత, ఆ పేర్లూ లెక్కలూ ప్రతి పంచాయతీ గోడ మీద రాయించాలె. మందున్న లూప్ ధర వేలల్ల ఉన్నది, కూలిమనిషి కొనలేదు. దాన్ని సర్కారు దవాఖానల ఉచితంగ పెట్టాలె.

కార్యకర్తలు ఒక పని చేయండి. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన అక్క ఉంటే స్కాన్ కాగితం పట్టుకొని బాన్సువాడ సర్కారు దవాఖానకు తోడు పోండి, ముక్క పరీక్ష రాయించండి. కూలి పోయిన రోజుకు సంఘం డబ్బుల నుంచి ఇవ్వండి.