మంచముల లెక్క, మనుష్యుల లెక్క

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును పార్లమెంటు 2007లో ఆమోదించినది. దాని 19వ విభాగము ప్రకారము ప్రతి జిల్లాలోను కనీసమొక వృద్ధాశ్రమముతో ప్రారంభించి రాష్ట్ర ప్రభుత్వములు ఆశ్రమములను నెలకొల్పవచ్చును. అట్టి ఆశ్రమములందు దిక్కులేని వృద్ధులు కనీసము 150 మందికి చోటుండవలెను. 'వచ్చును' అనుటకును 'వలెను' అనుటకును గల భేదమును ఏండ్ల తరబడి ప్రభుత్వములకు అర్జీలు వ్రాయుచున్న మన పాఠకులకు విప్పి చెప్పనక్కరలేదు. మేమీ వారము ప్రస్తావింపదలచినది వేరొకటి. 150 మందికి మంచములు లెక్కించిన ఆ చట్టపాఠము, ఆ మంచములపై నున్నవారిని అర్ధరాత్రి లేపి కూర్చుండబెట్టుటకు ఎందరు నర్సులు, ఎందరు ఆయాలు కావలెనో లెక్కింపలేదు. ప్రమాణముల నిర్ణయమును రాష్ట్రముల పథకములకు విడిచిపెట్టినది. ఇది స్వల్ప విషయముగా తోచవచ్చును. మా దృష్టిలో వృద్ధాశ్రమముల మంచిచెడ్డలు ముఖ్యముగా ఈ లెక్కపైననే నిలిచియున్నవి.

ఒక ఆశ్రమమున 40 మంది వృద్ధులున్నారనుకొందము. రాత్రి డ్యూటీ ఎనిమిది గంటలు, చూచువారు ఒక్కరే. 480 నిమిషములను 40 మందికి పంచినచో మనిషికి 12 నిమిషములు వచ్చును. మందులిచ్చుట, తడిసిన పక్కబట్టలు మార్చుట, మరుగుదొడ్డికి నడిపించుట, భయపడి లేచిన ముసలమ్మను తిరిగి నిద్రపుచ్చుట, పుస్తకములో వ్రాయవలసినది వ్రాయుట, ఇవన్నియు ఆ 12 నిమిషములలోనే ముగియవలెను. ఆమె మంచినీళ్లు త్రాగు కాలమును మనమింకను లెక్కలో చేర్చలేదు. ఆ 40 మందిలో పదిమంది పక్షవాతము మొదలగు వానిచే మంచము పట్టినవారైనచో లెక్క మరింత కఠినమగును. పడకపుండ్లు పడకుండుటకు అట్టివారిని సుమారు రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెనని నర్సులకు నేర్పుదురు. అనగా రాత్రికి నాలుగు మారులు. పదిమందికి 40 మారులు. మారునకు 5 నిమిషములనుకొన్నను 200 నిమిషములు. అదియు ఇద్దరు చెరియొక ప్రక్క పట్టినప్పటి మాట. ఒక్కరే లాగినచో వృద్ధుని పలుచని చర్మము చీరుకొనును, లాగినవారి నడుము పట్టును. కాబట్టి త్రిప్పుట మానివేయుదురు. మానివేసినట్లు ఆ రాత్రి ఎవరికిని తెలియదు. కొన్ని దినముల తరువాత పుండు కనబడును, బంధువులు వచ్చి నర్సు నిర్లక్ష్యము చేసినదని కేకలు వేయుదురు.

ఈ నిర్లక్ష్యమను మాటను కొంచెము పరిశీలింపవలసియున్నది. 1974లో న్యూయార్కు మనస్తత్త్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలలలో సేవచేయువారి స్థితిని గమనించి, వారి మనస్సు కాలి బూడిదయైన తీరును 'బర్నౌట్' అను పేర వర్ణించెను. ఆయన చూచినవారు సోమరులు కారు. అందరికంటె ఎక్కువ ఉత్సాహముతో పనిలో దిగినవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణములు చెప్పినది: ఒళ్లు మనస్సు రెండును నిస్సత్తువగుట, పనియెడలను దానికి సంబంధించినవారియెడలను మనస్సు దూరమగుట, తన పని వలన ఫలము లేదను భావము కలుగుట. దీనిని వ్యాధిగా గాక, అదుపు చేయబడని పని ఒత్తిడి వలన కలుగు పరిణామముగా ఆ సంస్థ పేర్కొన్నది. రెండవ లక్షణమును మనము ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలెను. 'ఆ నర్సమ్మకు జాలి లేదు, మొగము చిట్లించుకొనును' అని మనవారు చెప్పుకొను ఫిర్యాదులలో పెక్కింటికి ఆమె గుణము గాక ఆమె కప్పగించిన మనుష్యుల సంఖ్యయే కారణమై యుండవచ్చును. వృద్ధులపై చేయి చేసికొన్నవారిని వెనుకవేసికొని వచ్చుట మా ఉద్దేశము కాదు. అది నేరము, నేరముగానే చూడవలెను. కాని మొగము చిట్లించుటకు శిక్ష వేసి 40 మందిని ఆమెకే విడిచిపెట్టినచో, రేపు ఆమె రాజీనామా ఇచ్చును, ఆమె వంతు కూడ ప్రక్కనున్న ఆమెపై పడును.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ మొదలగువారు 2002లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, నర్సుకు అప్పగించు శస్త్రచికిత్స రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొలది, ముప్పది దినములలో రోగి మరణించు అవకాశము 7 శాతము, నర్సు బర్నౌట్‌కు లోనగు అవకాశము 23 శాతము అధికముగా కనబడినవి. అది ఆసుపత్రుల సంగతి. అయినను రోగికి వచ్చు ప్రమాదమును నర్సుకు వచ్చు అలసటయు ఒకే చోట పెరుగుచున్నవను సంగతి వృద్ధాశ్రమములకును వర్తింపదగినదే.

లెక్క పెట్టుటకు సాహసించిన దేశమొకటి కలదు. ఆస్ట్రేలియాలో 2018లో నియమింపబడిన రాయల్ కమిషను వృద్ధ సంరక్షణ గృహములను విచారించి, 2019లో ఇచ్చిన మధ్యంతర నివేదికకు 'నిర్లక్ష్యము' అను అర్థమిచ్చు ఒక్క మాటనే పేరుగా పెట్టినది. 2021లో తుది నివేదిక వచ్చినది. 2023 జూలై 1 నుండి, కొన్నిటికి మినహాయింపులున్నను, గృహములలో రేయింబవళ్లు రిజిస్టర్డ్ నర్సు ఉండవలెనని నియమమైనది. అదే సంవత్సరము అక్టోబరు నుండి వృద్ధునొక్కనికి దినమునకు సగటున 200 నిమిషముల సేవ, అందు 40 నిమిషములు రిజిస్టర్డ్ నర్సుది, తప్పనిసరి చేయబడినది. 2024 అక్టోబరులో అవి 215, 44 నిమిషములకు పెంచబడినవి. మనము పైన వేసిన లెక్కలో మూడు డ్యూటీలకును ఒక్కొక్కరే ఉన్నచో దినమునకు వచ్చునది 36 నిమిషములు! నియమము వచ్చినంత మాత్రమున గృహములన్నియు దానినందుకొనలేదు. అయినను అచటి ప్రభుత్వము వట్టి ఉత్తరువుతో తృప్తిపడక, 2023లో ఈ పనివారి జీతములను 15 శాతము పెంచుటకు ధనమిచ్చినది. జీతము పెంచనిదే నర్సులు రారను సత్యమును గ్రహించుట మెచ్చదగినది.

అమెరికా చరిత్ర ఇందుకు భిన్నము. ఇట్టి గృహములందు దీర్ఘకాలమున్నవారికి దినమునకు 4.1 గంటల కంటె తక్కువ సేవ దొరకినచో హాని కలుగునని 2001లోనే అచటి ప్రభుత్వమునకు నివేదిక అందినది. ఇరువదిమూడేండ్ల తరువాత, 2024 మే నెలలో, 3.48 గంటలని నియమము చేసిరి. 2025 ఏప్రిల్‌లో టెక్సాసు ఫెడరల్ న్యాయస్థానము దానిని కొట్టివేసినది. జూలైలో కాంగ్రెసు దాని అమలును 2034 వరకు వాయిదా వేసినది. డిసెంబరులో ప్రభుత్వ శాఖయే నియమమును రద్దు చేసినది. నర్సులు దొరకరు, పల్లెలలోని గృహములు మూతపడును అని యజమానుల వాదము. అది పూర్తిగా బూటకమని మేమనము. కాని నర్సులు దొరకకుండుటకు కారణములలో నర్సులు చాలకుండుటయే ఒకటి కదా! అచట మిగిలిన మంచి ఏర్పాటొకటి కలదు: నేడు ఏ డ్యూటీలో ఎందరు నర్సులున్నారో ప్రతి గృహమును దినదినము అందరికి కనబడునట్లు వ్రాసి పెట్టవలెను.

ఇక మన దేశము. ఆసుపత్రులకైనచో ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకొక నర్సు, ఇతరములలో అయిదుగురికొకరు అని కొలత పెట్టినది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశము పిమ్మట నియమింపబడిన కమిటీ, 50 మంచములకు లోపుగల ప్రైవేటు ఆసుపత్రియైనను నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండ ఈయవలెనని సిఫారసు చేసినది. ఇవన్నియు ఆసుపత్రులనుగూర్చిన మాటలు. వృద్ధాశ్రమమనగా ఆసుపత్రి కాదు, సత్రము వంటిదని మనలో ఒక భావము పాతుకొనిపోయినది. అందుచేతనే శిక్షణ లేని ఆయాకు తెల్లచీర కట్టబెట్టి నర్సు అని పిలుచుట పలుచోట్ల సాగుచున్నది.

దాతల సంగతి కూడ చెప్పక తప్పదు. పుట్టినరోజునకో, తద్దినమునకో ఆశ్రమమునకు పోయి అన్నము పెట్టుదుము, దుప్పట్లు పంచుదుము, పంకా ఇచ్చి దాని రెక్కలపై తాతగారి పేరు వ్రాయింతుము. రాత్రి నర్సు జీతము ఇత్తునని ముందుకు వచ్చిన దాత ఎక్కడ? జీతముపై పేరు వ్రాయించుటకు వీలులేదు కాబోలు. ధర్మసంస్థ నడుపువారు మాత్రమేమి చేయుదురు? బియ్యపు బస్తాలతో నర్సుకు జీతమీయలేరు.

మన ప్రాంతములవారికి ఇందొక అదనపు చిక్కు కలదు. మతిమరుపు వ్యాధి ముదిరినవారిలో కొందరికి, తరువాత నేర్చిన భాష జారిపోయి తల్లిభాషయే మిగులును. నలుబదేండ్లు బజారులో ఒరియాయో మరాఠీయో ధారాళముగా మాటలాడిన పెద్దమనిషి, చివరకు 'ఒంటికి' అని మాత్రము అడుగును. హోసూరులోను బళ్లారిలోను తమిళ కన్నడములందు ఇంచుమించు అట్టి మాటయే ఉండుటచే ఎట్లో గడచిపోవచ్చును. బరంపురములోను సోలాపురములోను ఆ మాట నర్సుకెట్లు తెలియును? తీరికయున్న నర్సు సైగలతో కనుగొనును, రెండు వారములలో పది తెలుగు మాటలు నేర్చును కూడ. 12 నిమిషముల నర్సు నేర్వలేదు. పక్క తడియును, ముసలాయన మొండివాడని పేరు పడును.

కాబట్టి ఆయా రాష్ట్ర ప్రభుత్వములను మేము కోరునది ఇది: 2007 చట్టము క్రింది పథకములలో, ముఖ్యముగా రాత్రివేళకు, మంచము పట్టినవారికి ఇంతమందికి ఒకరు అని స్పష్టమైన సంఖ్య వ్రాయవలెను, ఆ సంఖ్యకు తగిన జీతపు సొమ్ము గ్రాంటులో చేర్చవలెను. ఆశ్రమ ద్వారమున నల్లబల్లపై నేటి రాత్రి డ్యూటీలో ఎందరున్నారో వ్రాయించుటకు సుద్దముక్క తప్ప మరేమియు ఖర్చు లేదు. దీనిని ధర్మకర్తలు ప్రభుత్వపు ఉత్తరువుకై ఎదురుచూడకయే చేయవచ్చును.

ఆశ్రమములలో బంధువులున్న సభ్యులు వీలైనచో పగటివేళ గాక రాత్రి ఎనిమిది గంటలు దాటిన తరువాత అనుమతితో పోయి, వృద్ధులెందరు, మంచము పట్టినవారెందరు, ఆ రాత్రి చూచువారెందరు, వారిలో శిక్షణ పొందినవారెందరు, తెలుగు తెలిసినవారున్నారా అను సంగతులను విచారించి సంఘ కార్యాలయమునకు కార్డు వ్రాయవలెనని ప్రార్థన. ఆశ్రమము పేరు, ఊరు వ్రాయుడు. నర్సుల పేర్లు మాత్రము వ్రాయవలదు. ఉన్నమాట చెప్పినందుకు వారి ఉద్యోగమునకు ముప్పు వచ్చుట మాకు సమ్మతము కాదు.