పేరుకు పట్టా ఎవరిస్తారు?

భూమి సంగతే తేలలేదు, ఇంటర్నెట్‌లో పేర్ల గొడవ మనకెందుకని మన టీచర్లే కొందరంటున్నారు. 1/70 చట్టం ఉండగానే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల్లో మన భూములెలా చేతులు మారాయో చూసినవాళ్లం కాబట్టే మనకు కావాలంటున్నాం. భూమికి కనీసం చట్టముంది. పేరుకు అదీ లేదు.

వెబ్‌సైటు చిరునామాలో చివరి చుక్క తర్వాత వచ్చే కామ్, ఆర్గ్, ఇన్ లాంటి మాటను డొమైన్ పొడిగింపు అంటారు. వాటిని కేటాయించేది అమెరికాలోని ఐకాన్ అనే సంస్థ. 2012లో కొత్త పొడిగింపులకు తలుపు తీస్తే 1,930 దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి రుసుము 1,85,000 డాలర్లు. 2026 విడతకు 2,27,000, అంటే మన లెక్కలో దాదాపు రెండు కోట్ల రూపాయలు. లేనివాళ్లకు రాయితీ ఉందంటారు. 2012లో దాన్ని అడిగింది ముగ్గురు, దొరికింది ఒక్కరికి!

ఆ విడతలోనే అమెజాన్ కంపెనీ 'అమెజాన్' అన్న పొడిగింపు తనకిమ్మంది. ఆ నది పారే బ్రెజిల్, పెరూ దేశాలు కాదన్నాయి. 2014లో ఐకాన్ దరఖాస్తును తోసిపుచ్చింది. కంపెనీ వదల్లేదు, 2017లో స్వతంత్ర సమీక్షలో నెగ్గింది. ఒప్పుకుంటే 50 లక్షల డాలర్ల విలువైన కిండిల్‌లు, సేవలు ఇస్తామని బేరం కూడా పెట్టింది. ఉప్పు కొలిచిపోసి మన తాతల చింతపండు తూచుకుపోయిన సంత షావుకారు గుర్తుకు రావడం లేదూ? చివరికి 2019లో పేరు కంపెనీకే దక్కింది. బేరమంతా కంపెనీకీ ప్రభుత్వాలకూ మధ్యనే. ఆ అడవిలో తరతరాలుగా బతుకుతున్న జాతుల అనుమతి ఏ నిబంధనా అడగలేదు.

దేశాల పేర్లు ఎవరికీ ఇవ్వరు. రాష్ట్రాల, రాజధానుల పేర్లకు ప్రభుత్వం ఒప్పుకోవాలి. నదులు, సరస్సులు, కొండలు, తెగల పేర్లు ఆ జాబితాలో లేవు. రేపు ఏ చేపల కంపెనీయో 'కొల్లేరు' కావాలంటే, ఆ నీళ్ల మీద బతికే యానాదుల్నీ వడ్డీలనూ అడగనక్కర్లేదు. 'కోయ' అన్నా అంతే.

అభ్యంతరం చెప్పుకోవచ్చుగా అంటారు. 2012 నిబంధనల ప్రకారం సముదాయం తరఫున చెప్పాలంటే స్థిరపడిన సంస్థ ఉండాలి, దాఖలుకే 5,000 యూరోలు కట్టాలి, కాగితాలన్నీ ఇంగ్లిషులో ఉండాలి, ఓడితే విచారణ ఖర్చు కూడా మన నెత్తినే. పోనీ మన లిపిలో మన పొడిగింపు అడుగుదామా? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది గానీ, పొడిగింపులకు అనుమతించే లిపుల్లో లేదు.

మరో దారి లేకపోలేదు. న్యూజిలాండ్‌లో 'ఈవీ' అన్న పేరు కింద చిరునామాలు మావోరి తెగలకే ఇస్తారు. ఈవీ అంటే వాళ్ల భాషలో తెగ. మన ప్రభుత్వానికీ నోరు లేకపోలేదు. 2013లో 'రామ్', 'ఇండియన్స్' పొడిగింపులు వద్దని ఐకాన్ దగ్గర గట్టిగానే చెప్పింది. కోయల పేరు, కొండరెడ్ల పేరు, కొల్లేరు పేరు కూడా చెప్పమని అడుగుతున్నాం. ఏజెన్సీలో పెసా గ్రామసభలు తీర్మానం చేసి కె.ఆర్.పురం ఐటీడీఏకు పంపాలి. దిగువన కొల్లేటి లంకల పంచాయతీలూ తీర్మానం చేయాలి.

తీర్మానానికి జాబితా కావాలి. వాగులు, గుట్టలు, వేల్పులు, ఇంటిపేర్లు మన బడిపిల్లలు ముసలివాళ్లనడిగి రాయగలరు. టీచర్లు ఈ ఏడాది ప్రాజెక్టు పనిగా ఇదే ఇవ్వండి. ముందుగా కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో పోలవరం ముంపు ఊళ్లతో మొదలుపెట్టండి. అక్కడి పెద్దలు పునరావాస కాలనీలకు తలోదిక్కూ పోతున్నారు.