దొరకని కోర్సుకు విద్యార్థికా శిక్ష?

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తిచేసి, మంచి గ్రేడ్లతో యూనివర్సిటీ తలుపు తట్టిన విద్యార్థిని లీనియర్ ఆల్జీబ్రానో, ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో భాగమో మిగిలిపోయిందన్న ఒక్క కారణంతో వెనక్కి పంపడం అన్యాయం. ఆ కోర్సు అతను ఎగ్గొట్టింది కాకపోవచ్చు. కాలేజీ ఆ సెమిస్టర్‌లో దాన్ని పెట్టకపోయి ఉండవచ్చు. పెట్టినా, తను నమోదు చేసుకునే రోజుకు సీట్లు నిండిపోయి ఉండవచ్చు. చదవలేకపోయినవాడికీ, చదివే అవకాశం దొరకనివాడికీ తేడా చూడని ప్రవేశ విధానం ప్రతిభను కొలవడం లేదు, టైంటేబుల్‌ను కొలుస్తోంది. మేజర్‌కు ముందే చదివి ఉండాల్సిన కోర్సుల్లో, అంటే ప్రీరిక్విజిట్లలో, ఒకటి రెండు మిగిలిన ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని షరతుతో చేర్చుకుని, వాటిని తొలి ఏడాదిలోనే పూర్తిచేయించే బాధ్యతను యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తనమీద వేసుకోవాలి.

ఇది కొత్తగా అడుగుతున్న వరం కాదు. 1960 నాటి ఉన్నత విద్య మాస్టర్ ప్లాన్‌లో ఆ రాష్ట్రం ఇచ్చిన మాటే. హైస్కూలు పూర్తిచేసినవారిలో పైనున్న ఎనిమిదో వంతు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, మూడో వంతు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి అర్హులు. మిగిలిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ తలుపులు తెరిచే ఉంటాయి, అక్కడ రాణించినవారు మూడో ఏట పెద్ద యూనివర్సిటీలో చేరవచ్చు అన్నది ఆ ప్రణాళిక ఆయువుపట్టు. ఈ మాట నమ్మే 116 కాలేజీల్లో లక్షల మంది చేరుతున్నారు. రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు సామాన్య కుటుంబాలకు పెద్ద ఊరట. కానీ ట్రాన్స్‌ఫర్ లక్ష్యంతో 2017-2019 మధ్య చేరినవారిలో నాలుగేళ్లలో ఆ గట్టు ఎక్కినవారు ఐదుగురిలో ఒకరేనని రాష్ట్ర ఆడిటర్ 2024 సెప్టెంబరులో తేల్చారు. దీనికి కారణాలు అనేకం: ఉద్యోగాలు, కుటుంబ భారం, సలహా ఇచ్చే కౌన్సెలర్ల కొరత. వాటిలో కొన్నిటిని సరిదిద్దడం యూనివర్సిటీకి సాధ్యం కాదు. ప్రీరిక్విజిట్ల చిక్కుముడి మాత్రం చాలావరకు దాని చేతిలోనిదే.

ఆ ముడి ఎలా పడుతుందో చూడాలి. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, భౌతికశాస్త్రం వంటి మేజర్లకు గణితం ఒక గొలుసు. కాలిక్యులస్ ఒకటి, రెండు, ఆపైన మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. ఒకటి పాసైతేనే మరొకటి. భౌతికశాస్త్రంలో మెకానిక్స్ చదవాలంటే కాలిక్యులస్ చేతిలో ఉండాలి, విద్యుత్తు-అయస్కాంతత్వం చదవాలంటే మెకానిక్స్ అయి ఉండాలి. తొలి సెమిస్టర్‌లో ప్రీకాలిక్యులస్‌తో మొదలుపెట్టిన విద్యార్థి ఎక్కడా తడబడకుండా, ప్రతిసారీ సీటు సంపాదించుకుంటూ పోతే, నాలుగో సెమిస్టర్‌కు మల్టీవేరియబుల్ దాకా చేరతాడు. దరఖాస్తు మాత్రం అంతకు ముందు నవంబరు చివరికల్లా పెట్టాలి. మిగిలిన కోర్సులన్నీ వసంతకాలం సెమిస్టర్ ముగిసేలోగా పూర్తవ్వాలి. చిన్న కాలేజీల్లో పై స్థాయి కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడతారు. విద్యార్థులు తక్కువైతే రద్దు చేస్తారు. ఒక్క సెమిస్టర్ జారితే ఏడాది జారినట్టే. పక్క ఊరి కాలేజీలో చదువుదామంటే, వరుసగా చదవాల్సిన కోర్సులను సగం ఒకచోట, సగం మరోచోట చదివితే యూనివర్సిటీ ఒప్పుకోకపోవచ్చన్న భయం వేరు. పగలంతా పనిచేసి సాయంత్రం క్లాసులకు వచ్చేవారికి ఈ గొలుసులో ప్రతి కొక్కెం ఒక గండమే.

దీనికి తోడు, విద్యార్థి ముందు రెండు దారులు పెట్టి రెండింటినీ ఒకేసారి నడవమంటున్నారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకూ, స్టేట్ యూనివర్సిటీకీ పనికొచ్చే సాధారణ విద్యా కోర్సుల కట్ట ఒకటుంది. 2025 ఫాల్ నుంచి కాల్-జీఈటీసీ పేరిట అమల్లోకి వచ్చిన దానికే 34 యూనిట్లు. మేజర్ ప్రీరిక్విజిట్లు వేరు. అవి క్యాంపస్ క్యాంపస్‌కూ మారతాయి. బర్కిలీ క్యాంపస్‌లో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు కలిపి ఒకే కోర్సు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో అవి రెండు వేర్వేరు కోర్సులు. నాలుగు క్యాంపస్‌లకు దరఖాస్తు పెట్టదలచినవాడు నాలుగు జాబితాలను ఒడిసిపట్టాలి. శాసనసభ ఈ తికమకను గుర్తించలేదని అనలేం. 2010 నాటి చట్టం ట్రాన్స్‌ఫర్ కోసమే ఒక అసోసియేట్ డిగ్రీని తెచ్చి స్టేట్ యూనివర్సిటీలో చోటుకు హామీ ఇచ్చింది. కాలేజీలన్నిటిలో ఒకే కోర్సుకు ఒకే నంబరు ఉండాలని 2021లో చట్టం చేసింది. ఇవి మేలైన అడుగులే. అయితే ఆ డిగ్రీ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో చోటుకు అలాంటి హామీ ఇవ్వదు. కోర్సుకు నంబరు ఒక్కటైనంత మాత్రాన ఆ కోర్సు ప్రతి కాలేజీలో దొరకదు.

పునాది లేనివారిని చేర్చుకుంటే మూడో ఏడాది క్లాసుల్లో మునిగిపోతారు, అది వారికే అపకారం అని ఆచార్యులు అంటారు. ఈ అభ్యంతరంలో నిజముంది. కాలిక్యులస్ రెండో భాగం రానివాణ్ని పై స్థాయి ఇంజనీరింగ్ క్లాసులో కూర్చోబెట్టమని మేము అడగడం లేదు. గొలుసులో చివరి ఒకటి రెండు కోర్సులు మాత్రమే మిగిలినవారి గురించి మాట్లాడుతున్నాం. వాటిని చేరికకు ముందు వేసవిలో గానీ తొలి టర్మ్‌లో గానీ చదివించవచ్చు. పోటీ తీవ్రంగా లేని మేజర్లలో స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లు మిగిలిన కింది స్థాయి కోర్సులను చేరాక పూర్తిచేయనిస్తున్నాయి. మన దేశంలోనూ ఇందుకు నమూనా ఉంది. గణితంతో బీఎస్సీ చదివినవారు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. వారు మొదటి ఏడాదిలోని ఇంజనీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్‌ను రెండో ఏడాది సబ్జెక్టులతో పాటే పాస్ కావాలని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన పెట్టింది. మిగిలిన సబ్జెక్టును ప్రవేశానికి అడ్డుగోడ చేయకుండా, ప్రవేశం తర్వాత తీర్చాల్సిన బాకీగా చూసిన విధానమది. ప్రమాణం తగ్గలేదు, గడువు మారింది.

అన్నీ పూర్తిచేసి వచ్చినవారికి అన్యాయం జరగదా అన్నది రెండో ప్రశ్న. సీట్లు పరిమితమైనచోట అది గట్టి ప్రశ్నే. పూర్తిచేసినవారికి మొగ్గు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. ఆ కోర్సు తన కాలేజీలో దొరకలేదని, లేదా రద్దయిందని కాలేజీయే ధ్రువీకరించిన విద్యార్థిని ఆ లోటు చూపి జాబితాలోంచి తీసేయకూడదన్నదే మా వాదన. పెద్ద కాలేజీ పక్కన ఇల్లు ఉండటం ఒక అర్హత కారాదు. ఆగమంటే ఖర్చు ఎవరిమీద పడుతుందో కూడా చూడాలి. ఫెడరల్ ప్రభుత్వ సాయమైన పెల్ గ్రాంట్ జీవితకాలంలో 12 సెమిస్టర్లకే దొరుకుతుంది; ఒక్క కోర్సు కోసం ఏడాది ఆగినవాడు చివరి సెమిస్టర్లలో అప్పుకు చేయి చాచాల్సి రావచ్చు. బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ లెక్క దూరంది కాదు. డి అంజా, ఓలోనీ వంటి కాలేజీలు వారి ఇళ్లకు దగ్గర్లోనివే. తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడిన పిల్లలకు 21 నిండితే హెచ్-4 హోదా పోతుంది. అలాంటివారికి ఒక్క ఏడాది ఆలస్యం వీసా చిక్కుగానూ మారుతుంది.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు రాష్ట్ర రాజ్యాంగం స్వయంప్రతిపత్తి ఇచ్చింది. ప్రవేశ అర్హతలను నిర్ణయించడంలో ప్రధాన పాత్ర దాని అకడమిక్ సెనేట్‌ది. కాబట్టి శాసనసభ ఆదేశించే దాకా ఎదురుచూడటానికి సాకు లేదు. ఏ మేజర్‌లో ఏ కోర్సులు చేరాక పూర్తిచేయవచ్చో ప్రతి క్యాంపస్ ముందే ప్రకటించాలి. కాలేజీ ధ్రువీకరణను పరిగణనలోకి తీసుకోవాలి. మిగిలిన కోర్సులకు వేసవిలో కమ్యూనిటీ కాలేజీ ఫీజుకే సీట్లు కేటాయించాలి. వచ్చే ఫాల్ దరఖాస్తులు తెరుచుకునేలోగా సెనేట్ ఈ మూడింటినీ ఆమోదించాలి.