మంచూరియాలో దొరకని మంచూరియా

తెనాలిలోగాని, కరీంనగరంలోగాని, అనంతపురంలోగాని సాయంకాలం ఆరు గంటలు దాటిన తరువాత బజారు వెంట నడిచి చూడండి. ‘ఫాస్ట్ ఫుడ్’ అన్న ఎర్రని అక్షరాల బోర్డు క్రింద గ్యాస్ పొయ్యి భగభగ మండుతూ ఉంటుంది. నల్లని ఇనుప మూకుడులో తరిగిన క్యాబేజీ, క్యారెట్టు ఎగిరెగిరి పడుతుంటాయి. గరిటె మూకుడును తాకే చప్పుడు వీధి మలుపు దాకా వినవస్తుంది. ఆంగ్లంలో ఆ మాటకు త్వరగా వడ్డించే ఏ ఆహారమైనా అన్న అర్థం ఉండవచ్చు. మన పట్టణాలలో మాత్రం నూడుల్సు, ఫ్రైడ్ రైసు, మంచూరియా అన్నవే దాని అర్థాలు. ఇడ్లీ అంతకంటె త్వరగానే వస్తుంది; అయినా దానిని ఎవరూ ఫాస్ట్ ఫుడ్ అనరు.

ఆ బండికి పెద్దన్న వంటిది నేటి నగరాలలోని చిన్న చైనీస్ భోజనశాల. కాగితపు ఎర్ర లాంతర్లు, ఆడంబరం లేని బల్లలు, గాజు తెర వెనుక కనిపించే వంటగది దాని ఆస్తి. పిల్లల పుట్టినరోజుకు, మొదటి జీతానికి, పరీక్షలు ముగిసిన సాయంత్రానికి మధ్యతరగతి కుటుంబం అక్కడికే దారితీస్తుంది. కూర్చోగానే చేతికి వచ్చే మెనూ కార్డును, అనువాదం వృత్తిగా గల నేను, వంటకాల పట్టికగా కాక ఒక చిన్న గ్రంథంగా చదువుతాను. అందులో ప్రతి పేరూ ఒక అనువాదమే. కొన్ని మూలానికి దగ్గరగా ఉంటాయి. కొన్నిటికి అసలు మూలమే ఉండదు.

మంచూరియా అటువంటిదే. ఆ పేరు గల ప్రాంతం చైనా ఈశాన్యాన ఉంది. అక్కడి గృహిణికి మన గోబీ మంచూరియా చూపిస్తే అది ఏ దేశపు వంటకమో ఆమె చెప్పలేదు. దాని పుట్టిల్లు బొంబాయి అని ప్రసిద్ధి. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో అక్కడి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, కొత్త రుచి కోరినవారి కోసం దానిని కల్పించాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప వేయించాడు. అంతవరకు అది మన కూరే. గరం మసాలా వేయవలసిన చోట సోయా సాసు పోసి, మొక్కజొన్న పిండితో పులుసు చిక్కబరిచాడు. కోడిమాంసంతో మొదలైనది శాకాహారుల కోసం కాలీఫ్లవరుకు, తరువాత క్యాబేజీ ఉండలకు దిగివచ్చింది. వ్యాకరణం భారతీయం, పదజాలం చైనీయం. అనువాదకులు కలగనే సంధి అది.

తక్కిన పేర్ల కథలూ తీసిపోవు. చాప్ సూయ్ అన్నది కాంటనీయుల మాట; నానారకాల ముక్కల కలగూరగంప అని దాని భావం. అమెరికాకు వలసపోయిన చైనీయుల ద్వారా అది లోకానికి తెలిసింది. మన ‘అమెరికన్ చాప్ సూయ్’లో కరకరలాడే నూడుల్సు మీద తియ్యని ఎర్రని రసం, ఆపైన ఒక కోడిగుడ్డు ఉంటాయి. అమెరికావారు అదే పేరుతో పిలుచుకునేది మాకరోనీ, గొడ్డుమాంసం, టమాటాల మిశ్రమాన్ని. షెజ్వాన్ అన్నది సిచువాన్ రాష్ట్రపు పేరుకు మనం చేసిన రూపాంతరం. సిచువాన్ వంటకు ప్రాణం నాలుకను జిలజిలలాడించి మొద్దుబార్చే ఒక గింజ పొట్టు. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిరఫలానికి అది దాయాది. మన షెజ్వాన్ చట్నీలో ఎక్కువగా కనిపించేవి ఎండుమిరప, వెల్లుల్లి మాత్రమే. ఇక చైనా వంటకు మారుపేరుగా మనం తలచే అజినోమోటో చైనాది కానే కాదు. 1908లో జపాను రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరుచేశాడు. మరుసటి ఏడు అది అంగడిలోకి వచ్చింది.

ఇవన్నీ వినోదం కలిగించే విశేషాలు. కాని ఆ పట్టికలో ఒక పేరు దగ్గర నవ్వు ఆగిపోతుంది. ‘హక్కా నూడుల్స్’ అని ఆర్డరు ఇచ్చేవారిలో హక్కా అంటే ఏమిటని అడిగేవారు అరుదు. అది మసాలా కాదు, వండే పద్ధతి కాదు. ఒక జనసమూహం పేరు. ఉత్తర చైనా నుంచి తరతరాలుగా దక్షిణానికి తరలివచ్చిన వారిని అక్కడివారు ఆ పేరుతో పిలిచారు. అక్షరార్థం: అతిథి కుటుంబాలు.

ఆ అతిథులు మన దేశానికీ వచ్చారు. వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున భూమి పొంది చెరకు పండించి, పంచదార మిల్లు పెట్టాడు. అచీపూర్ అన్న గ్రామనామంలో అతని పేరు నేటికీ నిలిచి ఉంది. తరువాత వచ్చినవారిలో కాంటనీయులు వడ్రంగులుగా, హక్కాలు చెప్పుల వ్యాపారులుగా, తోళ్లు పదునుచేసేవారుగా స్థిరపడ్డారు. నగరానికి తూర్పున ఉన్న టాంగ్రా వారి పేట. అక్కడ చైనీయులు నిలబెట్టుకున్న కాళీమాత గుడిలో నూడుల్సు ప్రసాదంగా పెడతారు. కాలుష్యం కారణంగా తోళ్ల కర్మాగారాలను నగరం వెలుపలికి తరలించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, ఆ పేటకు భోజనశాలలే ముఖ్య జీవనాధారాలలో ఒకటయ్యాయి.

ఈ రెండు ఘట్టాల మధ్య 1962 ఉంది. ఆ ఏడు అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. నవంబరులో అస్సాం, ఉత్తర బెంగాలు ప్రాంతాలలో పోలీసులు చైనా సంతతివారి ఇళ్ల తలుపులు తట్టారు. వృద్ధులు, బాలింతలు, బడిపిల్లలు సహా సుమారు మూడు వేల మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ నిర్బంధ శిబిరానికి తరలించారు. వారిలో చాలామంది ఇక్కడే పుట్టినవారు. చైనాను కన్నులారా చూడనివారు. వారిపై విచారణ లేదు. ఋజువైన నేరం లేదు. కొందరిని ఓడలెక్కించి చైనాకు పంపారు. కొందరు 1967 దాకా శిబిరంలోనే ఉన్నారు. విడుదలై వచ్చినవారిలో అనేకులకు ఇల్లు మిగలలేదు, దుకాణం మిగలలేదు. కలకత్తాలో మిగిలినవారి మీద కూడా ఏళ్ల తరబడి నిఘా సాగింది. ఆ తరువాత ఎందరో కెనడాకు, ఇతర దేశాలకు తరలిపోయారు. ఒకప్పుడు వేలకు వేలుగా ఉన్న కలకత్తా చైనీయులలో ఈనాడు మిగిలినవారు కొద్దిమందే. అస్సామీ రచయిత్రి రీతా చౌధురి ‘మాకాం’ నవల (2010)లో ఈ కథను చిత్రించే వరకు, ఆ ప్రాంతం వెలుపలి పాఠకులకు దీని ఊసే అంతగా తెలియదు.

యుద్ధ సమయంలో ప్రభుత్వానికి అనుమానాలు కలగడం సహజమని కొందరు వాదిస్తారు. అనుమానం సహజమే కావచ్చు. కాని ముఖకవళికలను సాక్ష్యంగా స్వీకరించి, పసిబిడ్డను శత్రువుగా నమోదు చేయడం ఏ న్యాయశాస్త్రానికీ అందదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాను సంతతి పౌరులను నిర్బంధించినందుకు అమెరికా 1988లో చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. కెనడాలో స్థిరపడిన దేవ్‌లీ బాధితులు మన ప్రభుత్వాన్ని కోరినదీ ముఖ్యంగా అటువంటి ఒక్క క్షమాపణ వాక్యమే.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. మనుషులను అనుమానించిన దేశమే వారి వంటను అక్కున చేర్చుకున్నది. మన నాలుక ఏనాడూ సరిహద్దులను పాటించలేదు. తెలుగు కావ్యనాయికలు చీనాంబరాలు కట్టుకున్నారు. రాయలసీమలో బత్తాయిని నేటికీ చీనీకాయ అంటారు. ఆ పండు శాస్త్రీయ నామంలోనూ చైనా పేరే ఉంది. వస్తువును స్వీకరించడం సులభం. దానిని తెచ్చిన మనిషిని స్వీకరించడానికి మరికొంత విశాలమైన మనసు కావాలి. సరిహద్దు వార్తలు వేడెక్కినప్పుడల్లా చైనీస్ భోజనశాలలను వెలివేయాలన్న కేకలు వినిపిస్తాయి. 2020లో గల్వాన్ లోయ ఘర్షణ తరువాత ఒక కేంద్రమంత్రే ఆ మాట అన్నారు. ఆ నిషేధం వల్ల నష్టపోయేది పెకింగు కాదు. మూకుడు ముందు చెమటోడ్చే నేపాలీ, బెంగాలీ, తెలుగు యువకులు. కలకత్తాలో సోయా సాసు కాచే నాలుగైదు పాత కుటుంబాలు.

కనుక మీరు ఈసారి ఆ ఎర్ర లాంతర్ల క్రింద కూర్చున్నప్పుడు పిల్లలు హక్కా అంటే ఏమిటని అడిగితే, అది నూడుల్సులో ఒక రకమని చెప్పి తప్పించుకోకండి. అతిథి కుటుంబాలు అని అర్థం చెప్పండి. ఆ అతిథులు ఎక్కడి నుంచి వచ్చారో, మనకు ఏమి వండిపెట్టారో చెప్పండి. ఒక చలికాలంలో మనం వారిని ఎక్కడికి పంపామో కూడా దాచకుండా చెప్పండి. పళ్లెం చల్లారేలోగా ముగిసిపోయే కథే అది.