అమ్మనుడిలో ప్రోగ్రామింగ్: హక్కా, అంగడి సరుకా?

కంప్యూటరు చదువుకు ఇంగ్లీషు తప్ప మరో దారి లేదని ఎన్నో ఏళ్లుగా మనకు చెబుతూ వచ్చారు. ఆ మాట అబద్ధమని తేల్చినది ప్రభుత్వమూ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. వ్యాపారం తేల్చింది. ఐఐటీలలోనూ హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోనూ చదివిన ముగ్గురు తెలుగు యువకులు 2020లో నెలకొల్పిన నెక్స్ట్‌వేవ్ సంస్థ, ‘ఇంటెన్సివ్’ పేరిట ప్రోగ్రామింగు శిక్షణను తెలుగులో అందించింది. ఆపై తమిళం, హిందీ వంటి భాషలకు విస్తరించింది. 2023 ఫిబ్రవరిలో మదుపుదారులు అందులో సుమారు 275 కోట్ల రూపాయలు పెట్టారు. లాభం కనిపించనిదే రూపాయి విదల్చని వారు తెలుగు పాఠం మీద ఇంత సొమ్ము పెట్టారంటే, తెలుగు కూడుపెట్టదనే వాదానికి ఇంకేం మిగిలింది?

నిజానికి ఇది కొత్త సంగతి కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలలో జావా, డాట్‌నెట్ పాఠాలు ఏళ్ల తరబడి తెలుగు కలిసిన ఇంగ్లీషులోనే సాగాయి. పొరుగున తమిళనాట జోహో సంస్థ 2005లో ఆరుగురు విద్యార్థులతో ఒక బడి తెరిచి, డిగ్రీ లేని పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పి ఉద్యోగాలిచ్చింది. తరువాత తెన్‌కాశి వంటి మారుమూల ప్రాంతానికీ ఆ పనిని తీసుకుపోయింది.

‘ప్రోగ్రాములు రాసేది ఇంగ్లీషులోనే కదా’ అని అడిగేవారున్నారు. ఆ ఇంగ్లీషు ఎంతో లెక్క చూద్దాం. సి భాష తొలి ప్రమాణంలో ఉన్న కీలకపదాలు 32. నేటి పైథాన్‌లో 35. వాటి అర్థాలను పదో తరగతి విద్యార్థి నాలుగు రోజులలో నేర్చుకోగలడు. అసలు కష్టం ఆ పదాలలో లేదు. ఒక పనిని చిన్న చిన్న అంచెలుగా విడదీయడం, ‘ఇలా అయితే అది, కాకుంటే ఇది’ అని షరతు కట్టడం, తప్పు ఎక్కడ దొర్లిందో వెనక్కి వెళ్లి వెదకడం, ఇదీ కష్టం. ఈ ఆలోచన ఏ నుడిలో సాగుతుందో ఆ నుడిలో పాఠం చెప్పకపోతే పిల్లవాడు పాఠాన్ని బట్టీ పడతాడేగాని ప్రోగ్రాము రాయలేడు.

ఇక మన సంగతికి వద్దాం. ప్రాణహిత, గోదావరి కలిసేచోట ఉన్న సిరొంచ 1860లో ఏర్పడిన అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రం. 1874లో ఆ జిల్లాను చాందా జిల్లాలో కలిపారు. 1956లో మనం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాం. 1982లో చంద్రపూర్ నుంచి గడ్చిరోలి వేరు జిల్లా అయింది. ఇన్ని గీతలు గీసిన ఏలికలు ఒక్కసారైనా మన ఇళ్లలో ఏ నుడి పలుకుతున్నదో అడిగి గీయలేదు. ఫలితం మన కళ్లముందే ఉంది. సిరొంచ, అంకిసా, ఆసరెల్లి పల్లెలలో బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. బడిలో మరాఠీ చదువుతుంది. పైచదువులో ఇంగ్లీషు ఎదురవుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కాళ్ల కింద నేల మారిపోతుంది. అడవిలోని మాడియా, గోండు బిడ్డల కష్టం ఇంతకన్నా పెద్దది. మన హక్కును అడిగేటప్పుడు వారి హక్కును మరవరాదు.

మరాఠీతో మనకు పగ లేదు. ఈ రాష్ట్రంలో బతికేవారు రాష్ట్ర భాష నేర్వడం న్యాయమే. మన పిల్లలు చక్కగా నేరుస్తున్నారు కూడా. మన అభ్యంతరం ఒక్కటే. మరాఠీ నేర్వడానికి తెలుగును చెల్లింపుగా ఎందుకు అడుగుతున్నారు?

2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఇంజనీరింగును ఎనిమిది భారతీయ భాషలలో బోధించడానికి అనుమతించింది. వాటిలో మరాఠీ ఉంది, తెలుగూ ఉంది. మరాఠీలో కంప్యూటరు ఇంజనీరింగు మొదలైంది పుణె పక్కన పింప్రి చించ్‌వడ్‌లో. అది రాష్ట్రానికి ఆ కొసన. మనం ఈ కొసన. గడ్చిరోలికి పోవాలంటేనే సిరొంచవారికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. పోనీ, గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా తెలంగాణలో చదువుదామంటే, అక్కడ ఇంజనీరింగు సీట్లకు 371-డి అధికరణం కింది స్థానికత నిబంధనలు అడ్డు నిలుస్తాయి. ఇక్కడ భాష చాలదు, అక్కడ పుట్టిన ఊరు చాలదు.

కోడింగు బడి మన పిల్లలను ఆకర్షించడానికి కారణం ఇదే. అది స్థానికత అడగదు, ఏ బోర్డులో చదివావని అడగదు. తెలుగులో చెబుతానంటుంది. అడిగేదల్లా ఫీజు. రాజ్యాంగం ఇవ్వవలసినదాన్ని అంగడి అమ్ముతోంది. కొనగలిగినవాడికి అమ్మనుడి దొరుకుతుంది, కొనలేనివాడికి దొరకదు. అమ్మేవారిని నేను తప్పుపట్టను. హక్కును సరుకుగా మారనిచ్చిన ప్రభుత్వాలను తప్పుపడుతున్నాను.

సరుకు అన్నాక మోసానికీ చోటుంటుంది. అమెరికాలో బ్లూమ్‌టెక్ అనే కోడింగు బడి తన విద్యార్థులలో 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయని ప్రకటించుకుంది. సంస్థ లోపలి లెక్కల ప్రకారం అది 50 శాతానికి దగ్గరగా, ఒక్కోసారి 30 శాతానికి కూడా పడిపోయిందని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 ఏప్రిల్‌లో వెల్లడించింది. ‘ఉద్యోగం వచ్చాకే జీతంలో వాటా కట్టండి’ అన్న ఒప్పందం నిజానికి అప్పేనని తేల్చి, ఆ బడి అప్పులివ్వకుండా నిషేధించింది.

వకీలుగా నా బల్ల మీదికి ఇటువంటి శిక్షణ ఒప్పందాలు వస్తున్నాయి. పాఠం తెలుగులో, ప్రకటన తెలుగులో, ఫోనులో మాట తెలుగులో, సంతకం చేసే కాగితం మాత్రం ఇంగ్లీషులో! తండ్రికి ఆ కాగితంలో ఒక్క వాక్యం తెలియదు. బిడ్డ చదువు మధ్యలో మానినా అప్పు వాయిదాలు ఆగవన్న సంగతి బ్యాంకు ఖాతాలో డబ్బు పోయాకనే తెలుస్తుంది. అమ్మేటప్పుడు పనికివచ్చిన తెలుగు, సంతకం దగ్గర ఎందుకు పనికిరాకుండా పోయింది?

తల్లిదండ్రులారా, మూడు విషయాలు గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ చేసిన ఒప్పందం చెల్లదు. 1903లో మొహరీ బీబీ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన ఆ సూత్రం నేటికీ నిలిచి ఉంది. కాని బిడ్డ తరఫున మీరు సంతకం చేస్తే భారం మీదే. రెండవది, శిక్షణ కేంద్రాలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని జాతీయ కమిషన్ 2020 జనవరిలో మను సోలంకి వ్యాజ్యంలో చెప్పింది. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. మూడవది, ఉద్యోగం గ్యారంటీ అంటూ కోచింగు కేంద్రాలు చేసే తప్పుడు ప్రకటనలను అరికట్టడానికి 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. ఆ ప్రకటన కాగితాన్ని పారేయకండి. రేపు అదే మీ సాక్ష్యం.

అయితే మోసం నుంచి తప్పించుకోవడం ఒక్కటే మన లక్ష్యం కారాదు. ఆ చదువు మన ఊళ్లోనే దొరకాలి. 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలభైమంది గాని అల్పసంఖ్యాక భాషా విద్యార్థులుంటే ఆ భాషలో బోధించే గురువును నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒప్పుకుంది. ఆ పదిమంది మన పల్లెలలో లేరా? ఉన్నారు. లేనిది కాగితం మీది వారి పేర్లు. తల్లిదండ్రులు సంతకాలు చేసి అర్జీ పెట్టి, రసీదు తీసుకోవాలి. నోటిమాట ఏ కార్యాలయంలోనూ దస్త్రానికి ఎక్కదు.

ఇంకొక దారి మన చేతిలోనే ఉంది. భాషా అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకోవచ్చని 30వ అధికరణం చెబుతోంది. ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు తేల్చింది. కనుక మహారాష్ట్రలో తెలుగువారికి ఈ హక్కు ఉంది. సిరొంచలో ఒక తెలుగు సంఘం, ఒక గది, పది కంప్యూటర్లు, నమ్మదగిన విద్యుత్తు, తెలుగులో చెప్పగల ఇద్దరు గురువులు ఉంటే, సాయంత్రపు ప్రోగ్రామింగు బడి మొదలవుతుంది. ఈ గడ్డనుంచి వెళ్లి హైదరాబాదులో, పుణెలో ఉద్యోగాలు చేస్తున్నవారు ఆదివారం ఒక గంట ఇస్తే చాలు. మహారాష్ట్ర ప్రభుత్వ కొలువులకు కోరే ఎంఎస్-సీఐటీ పాఠాలు కూడా సిరొంచ, అహేరి తాలూకాలలో తెలుగులో చెప్పాలని అడుగుదాం.

తెలుగు కంప్యూటరుకు పనికివస్తుందా అన్న ప్రశ్నకు అంగడి జవాబు చెప్పేసింది. డబ్బు లేని సిరొంచ బిడ్డకు ఆ తెలుగు పాఠం దక్కుతుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ప్రభుత్వం, దానిచేత చెప్పించవలసినది మనం. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ప్రతి తెలుగు పల్లె నుంచీ పది పేర్లతో ఒక అర్జీ తాలూకా విద్యాధికారి బల్ల మీదికి చేరాలి. ఆ పది పేర్లలో మీ బిడ్డ పేరు మొదటిది కావాలి.